గూళ్ళున్నాయి, పిట్టల్లేవు: ఒక ఫైనలియర్ ప్రాజెక్ట్ కేస్ స్టడీ

డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్తాను. ఏటా ఆరో సెమిస్టర్‌లో పదిమంది దాకా పిల్లలకి ప్రాజెక్ట్ గైడ్‌ని కూడా నేనే. ఉన్నమాట చెప్పాలంటే వాటిలో చాలావరకు సీనియర్ల రికార్డులో ఊరి పేరూ తేదీలూ మార్చి బైండింగ్ చేయించినవే, ఆ సంగతి నాకు తెలుసు, పిల్లలకి తెలుసు, వైవాకి వచ్చే ఎక్స్‌టర్నల్‌కీ తెలుసు. ఈ కేసు ఎందుకు రాస్తున్నానంటే ఇందులో కుర్రాడు నిజంగా తిరిగాడు, నిజంగా చూశాడు, అయినా నాలుగైదుసార్లు దారి తప్పాడు. వాటిలో ఒకటి రెండు తప్పులకి బాధ్యత నాది. అతని పేరు, కాలేజీ, చెరువులు, ఏ సంవత్సరం అన్నవి చెప్పను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను కూడా.

కుర్రాడు, అతని టాపిక్

సాయంత్రాలు డెలివరీ బండి నడిపేవాడు. దానివల్ల రెండు లాభాలు: బండి ఉంది, ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల సందుగొందులన్నీ తెలుసు. ఒక నష్టం: టైం లేదు. ఆగస్టులో ఏదో గేటెడ్ కమ్యూనిటీకి పార్సిల్ ఇచ్చి వస్తుంటే చెరువు పక్కన ఈత చెట్టు నిండా గిజిగాడి గూళ్ళు, పసుపు తలల మగపిట్టలు రెక్కలు కొట్టుకుంటూ ఒకటే గోల. పది నిమిషాలు అక్కడే నిలబడిపోయాడట, తర్వాతి ఆర్డర్ లేటయింది. జనవరిలో టాపిక్ ఇవ్వమని అడిగితే "గిజిగాడు గూడు ఎట్ల కడుతదో చేస్తా మేడం" అన్నాడు.

నేను సరే అన్నాను. నా మొదటి తప్పు అదే.

తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. గిజిగాడిలో గూడు కట్టేది మగపిట్ట. గడ్డి, వరి, ఈతాకుల్ని పొడుగాటి పోచలుగా చీల్చి తెచ్చి అల్లుతుంది. ముందు సగం కట్టి ఆపుతుంది, చూడటానికి బోర్లించిన హెల్మెట్‌లా ఉంటుంది కాబట్టి దాన్ని హెల్మెట్ దశ అనే అంటాం. అక్కడిదాకా ఎనిమిది రోజులు, మొత్తం గూటికి పద్దెనిమిది రోజుల దాకా పడుతుంది. ఆ సగం గూటిని ఆడపిట్టలు వచ్చి చూసుకుంటాయి. ఒకటి ఒప్పుకుంటే గుడ్లు పెట్టే గది, కింద పొడుగాటి గొట్టం మగపిట్టే కట్టి పూర్తి చేస్తుంది. ఎవరూ ఒప్పుకోకపోతే ఆ హెల్మెట్ అలాగే వేలాడుతూ ఉండిపోతుంది. ఇదంతా జరిగేది వానాకాలంలో. గడ్డి పచ్చగా ఉండాలి, పిల్లలకి పెట్టడానికి పురుగులు ఉండాలి. జూన్‌లో వానలు మొదలయ్యాక ఊపందుకుని సెప్టెంబరు దాకా నడుస్తుంది.

మా ప్రాజెక్ట్ టైం జనవరి నుంచి ఏప్రిల్ ఆఖరు వరకు. అంటే అతను అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పగల పిట్ట ఆ నాలుగు నెలల్లో గడ్డిపోచ ముట్టదు. ఇరవై ఏళ్ళ కుర్రాడికి ఇది తట్టకపోవడంలో వింత లేదు, నాకు తట్టకపోవడమే వింత. పాఠం చెప్పేటప్పుడు నోటికి వచ్చే విషయం ఫారం మీద సంతకం పెట్టేటప్పుడు గుర్తుకు రాలేదు.

మొదటి మూడు వారాలు

మొదటి ఆదివారం వెళ్ళొచ్చి, గూళ్ళున్నాయి కానీ గిజిగాళ్ళు లేవు, పిచ్చుకలే తిరుగుతున్నాయి అన్నాడు. ఫోటోలు చూస్తే అవి పిచ్చుకలు కావు, గిజిగాళ్ళే. వానాకాలం పోయాక మగపిట్ట పసుపు టోపీ కూడా పోతుంది. అప్పుడు మగా ఆడా అన్నీ ఆడపిచ్చుకలాగే మట్టిరంగులో ఉంటాయి. ఈ ఒక్క సంగతి తెలుసుకోవడానికి అతనికి రెండు ఆదివారాలు పట్టింది, కానీ తర్వాత ఎప్పుడూ తప్పు పోల్చుకోలేదు.

గూడు కట్టడం చూసే వీలు లేదని తేలాక టెన్షన్ మొదలైంది. మా పిల్లలు ఇలాంటప్పుడు పట్టుకునే దారి ఒకటుంది, గూగుల్ ఫారం. "గిజిగాడి గురించి ప్రజల్లో అవగాహన" అని ఇరవై ప్రశ్నలు రాసి, క్లాస్‌మేట్లకీ చుట్టాలకీ వాట్సాప్‌లో పంపి, వచ్చిన జవాబులకి పై చార్ట్ గీస్తే పని అయిపోతుంది. అడిగాడు. వద్దన్నాను. సర్వేలంటే చులకన ఉండి కాదు. ఆ ఫారం నింపేది అతని కాంటాక్ట్ లిస్టే, దానివల్ల అతనికి గిజిగాడి గురించి గానీ జనం గురించి గానీ కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. పైగా ఆగస్టులో చెట్టు కింద పది నిమిషాలు నిలబడిన మనిషి అతను. అలాంటివాణ్ణి ఫోన్ ముందు కూర్చోబెట్టడం నాకు నచ్చలేదు.

రెండో ఆలోచన అతనిదే: గూళ్ళు కోసుకొచ్చి తూకం వేసి, పోచల పొడవు కొలిచి, విప్పి లెక్కపెడతానన్నాడు. అప్పటికే రెండు గూళ్ళు కొమ్మతో సహా తెచ్చి మా డిపార్ట్‌మెంట్ అల్మారా మీద పెట్టాడు, అందరూ బాగున్నాయన్నారు కూడా. నేను అతణ్ణి పక్కకి పిలిచి 1972 వన్యప్రాణి రక్షణ చట్టం గురించి చెప్పాను. ఆ చట్టంలో వేట అన్న మాటకి అర్థం చాలా పెద్దది. పక్షుల గుడ్లని పాడుచేయడం, గుడ్లనీ గూళ్ళనీ కదిలించడం కూడా అందులోకే వస్తుంది. పాత గూడే కదా, పిట్ట వదిలేసిందే కదా అంటాడు. వదిలేసిందని ఎలా తెలుసు అని అడిగాను. జవాబు లేదు. (ఆ ప్రశ్న తర్వాత నెలరోజులకి మళ్ళీ మా ముందుకొచ్చింది, చెప్తాను.) అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాం: చెట్టు మీద ఉన్నదాన్ని ముట్టుకోకూడదు, కింద రాలిపడినదాన్ని అక్కడే చూసి అక్కడే వదిలేయాలి.

అప్పటికి మూడు వారాలు పోయాయి. చేతిలో ఏమీ లేదు.

ప్రశ్నని సీజన్‌కి తగ్గట్టు కత్తిరించడం

ఒక శనివారం స్టాఫ్‌రూంలో కూర్చోబెట్టి అడిగాను, నువ్వు వెళ్ళినప్పుడు అక్కడ నిజంగా ఏం కనిపిస్తోంది? పిట్టలు ఏం చేస్తాయి, పుస్తకంలో ఏముంది, అవి వద్దు. ఈ నెలలో కళ్ళకి కనిపించేది ఏంటి? కాసేపు ఆలోచించి, "ఖాళీ గూళ్ళు మేడం. కొన్ని పూర్తివి, కొన్ని సగం కట్టినవి" అన్నాడు. మళ్ళీ కాసేపటికి, "అన్నీ ఒక్క దిక్కే ఉన్నయి మేడం" అన్నాడు.

ఇది దొరికాక మాకు దారి కనిపించింది. గిజిగాడి గూళ్ళు చాలాచోట్ల చెట్టుకి తూర్పు వైపున ఎక్కువగా ఉంటాయని, నైరుతి రుతుపవనాల గాలి పడమటి నుంచి కొడుతుంది కాబట్టి చెట్టే అడ్డుగా ఉండేలా అలా కడతాయేమోనని పక్షుల మీద పనిచేసేవాళ్ళు చాలాకాలంగా అనుకుంటున్నదే. ఆడపిట్ట గూటి అల్లిక కంటే గూడు ఉన్న చోటునే ఎక్కువ చూసుకుంటుందని తేల్చిన అధ్యయనం కూడా ఒకటుంది. ఈ రెండూ కలిపితే ఖాళీ గూళ్ళని చూసి అడగదగ్గ ప్రశ్న తయారవుతుంది: మన చుట్టుపక్కల చెట్లమీద గూళ్ళు నిజంగా తూర్పునే ఎక్కువా? తూర్పున కట్టినవాటిలో పూర్తయినవి ఎక్కువ, పడమట కట్టినవాటిలో సగంలో ఆగిన హెల్మెట్లు ఎక్కువ అవుతాయా? మగపిట్ట వానాకాలమంతా పెట్టిన దరఖాస్తుల్లో ఏవి ఒప్పుకున్నారు, ఏవి తిప్పికొట్టారు అన్నది చెట్టుమీద జనవరిలో కూడా వేలాడుతూ ఉంది. పిట్ట అవసరం లేదు.

పక్షి శాస్త్రవేత్త సలీం అలీ సంగతి అప్పుడే చెప్పాను. 1930లో ఆయన జర్మనీలో చదువు ముగించుకుని వచ్చేసరికి ఇక్కడ ఉద్యోగం లేదు. బొంబాయికి దగ్గర్లో, సముద్రం ఒడ్డున ఉన్న కిహీం అనే ఊళ్ళో ఇంట్లో ఉంటూ, పక్కనే ఉన్న గిజిగాళ్ళని వానాకాలమంతా గమనించాడు. మగపిట్ట ఒకదాని తర్వాత ఒకటి గూళ్ళు కడుతుందని, వాటిలో ఒక్కోదానికి ఒక్కో ఆడపిట్ట వస్తుందని అలా కూర్చుని చూసే తేల్చాడు. ఆ తర్వాతే, 1931లో, మన నిజాం సంస్థానంలో పక్షుల సర్వేకి వచ్చాడు. ఇది వినగానే మావాడు అన్న మాట: "ఆయనకి అటెండెన్స్ లేదు కద మేడం."

లెక్క మొదలయ్యాక తేలినవి

మొదటిరోజు లెక్కలో ఒక చెట్టుకి గూళ్ళన్నీ ఉత్తరాన ఉన్నాయని రాసుకొచ్చాడు. టైం ఎంత, ఎండ ఏ పక్క నుంచి పడుతోంది అని అడిగితే పొద్దున ఏడున్నర, ఎండ సరిగ్గా గూళ్ళ మీదే పడుతోంది అన్నాడు. జనవరి ఏడున్నరకి సూర్యుడు ఉత్తరాన ఎలా ఉంటాడు? అతని ఫోన్‌కి అయస్కాంతం మూత ఉన్న కవర్ ఉంది, అది తీయకుండా, బండి పక్కనే నిలబడి కంపాస్ యాప్ చూశాడు. కవర్ తీసేసి, బండికి దూరంగా వెళ్ళి, ఫోన్‌ని ఎనిమిది అంకె వేసినట్టు రెండుసార్లు తిప్పి చూస్తే దిక్కులు సరిపోయాయి. ఆ రోజు డేటా మొత్తం కొట్టేశాం. కొట్టేసిన పేజీ చింపొద్దని, అడ్డగీత గీసి పక్కన కారణం రాయమని చెప్పాను. ఆ పేజీ రిపోర్ట్‌కి అనుబంధంగా పెట్టాడు కూడా.

నంబర్లు వేసే పద్ధతి అతను కనిపెట్టిందే, నాకు చాలా నచ్చింది. గూళ్ళకి ట్యాగులు కట్టలేం, ఎక్కలేం, ముట్టుకోలేం. అందుకని ప్రతి చెట్టుకీ నాలుగు దిక్కులా నాలుగు రాళ్ళు పెట్టి సున్నం పూశాడు. ప్రతిసారీ ఆ రాళ్ళ మీదే నిలబడి ఫోటో తీసేవాడు. మొదటి వారం ఫోటోలని జిరాక్స్ షాపులో ఏ4 మీద ప్రింట్ తీయించి, ఒక్కో గూటికీ ఎర్ర పెన్నుతో నంబర్ వేశాడు. తర్వాత వారం ఆ కాగితం పట్టుకెళ్ళి ఏది ఉంది, ఏది పోయింది అని టిక్ పెట్టుకోవడమే. ఖర్చు మొత్తం కలిపితే ఒక ట్యాంకు పెట్రోల్ కాదు.

ఫిబ్రవరి మధ్యకి మూడు చెట్లమీద వందకు పైగా గూళ్ళు లెక్క తేలాయి, దాదాపు అన్నీ తూర్పునే. కై-స్క్వేర్ (తేడా యాదృచ్ఛికంగా వచ్చిందా అని చూసే లెక్క) వేశాడు. పి విలువలో, అంటే ఏ మొగ్గూ లేకున్నా ఇంత తేడా వట్టి యాదృచ్ఛికంగా వచ్చే అవకాశంలో, పాయింట్ తర్వాత అన్నీ సున్నాలే. మొహం వెలిగిపోయింది, డిపార్ట్‌మెంట్‌లో అందరికీ చూపించాడు. నేను కొంచెం ఆగి మూడు ప్రశ్నలు అడిగాను, ఆ మూడూ ఒకే రోజు అడిగి ఉండకూడదేమో, ఆ తర్వాత రెండు రోజులు కాలేజీకి రాలేదు.

మొదటిది: మూడు చెట్లా, వంద గూళ్ళా? ఒక చెట్టుమీది గూళ్ళు ఒకదానికొకటి సంబంధం లేనివి కావు. ఒకే మగపిట్ట నాలుగైదు కట్టి ఉండొచ్చు, ఒకటి కట్టినచోటే ఇంకోటి చేరొచ్చు. ఒకే ఇంట్లో పదిమందిని అడిగి ఊరందరి మాటా ఇదే అంటే ఒప్పుకుంటామా? లెక్కలోకి రావాల్సింది చెట్టు. అంటే అతని దగ్గరున్నది వంద కాదు, మూడు.

రెండోది నీళ్ళు. ఆ మూడు చెట్లూ చెరువుకి పడమటి గట్టునే ఉన్నాయి. అంటే తూర్పు వైపు అంటే నీళ్ళ వైపే. గిజిగాడు నీళ్ళమీదికి వంగిన కొమ్మని ఇష్టపడుతుందని అందరికీ తెలుసు, పాములూ పిల్లులూ రాలేవు కాబట్టి. ఇప్పుడు అవి తూర్పు కోసం అక్కడ కట్టాయా, నీళ్ళ కోసం కట్టాయా? ఆ మూడు చెట్లని వందేళ్ళు చూసినా తేలదు.

మూడోది చాలా చిక్కుది. వానాకాలంలో పడమటి వైపు కూడా సమానంగా కట్టి ఉండి, ఆ గాలికి అవే ముందు రాలిపోయి ఉంటే? జనవరికి మిగిలినవి తూర్పువే కాబట్టి తూర్పునే కడతాయి అని మనం రాస్తాం. పెళ్ళి అయిపోయాక వెళ్ళి, మిగిలిన వంటకాలు చూసి ఏమేం వండారో చెప్పినట్టు.

గౌడన్న చెప్పింది

రెండు రోజుల తర్వాత వచ్చాడు. నీళ్ళ చిక్కు విప్పడానికి దారి సులభమే, చెట్లు మార్చాలి. నీళ్ళు పడమట ఉన్నవి, నీళ్ళు అసలు లేనివి, వ్యవసాయ బావుల పక్కన ఉన్నవి వెతకాలి. చెరువు కట్ట ఒక పక్కే ఉంటుంది, చెట్లు ఎక్కువగా దానిమీదే ఉంటాయి, కాబట్టి ఒకే చెరువు చుట్టూ తిరిగితే లాభం లేదు. డెలివరీ అనుభవం ఇక్కడ పనికొచ్చింది. పెట్రోల్ లెక్క చూసుకుని, ఒక్క పొద్దుటి పూటలో తిరిగి రాగల చుట్టు ఒకటి గీసుకుని పద్నాలుగు చెట్లు పట్టుకున్నాడు.

మెడలో బైనాక్యులర్, చేతిలో కాగితాలు, రాళ్ళకి సున్నం. మన ఊరి శివార్లలో చెరువు పక్కన ఈ వేషంలో కనిపిస్తే జనం ఏమనుకుంటారో హైదరాబాద్‌వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్ళు వచ్చే మేర) హద్దులు వేసే సర్వే వాళ్ళనుకుని ఒకచోట నలుగురు చుట్టుముట్టారట. పిట్టగూళ్ళు లెక్కపెడుతున్నానంటే అసలు నమ్మలేదు. మర్నాడే లెటర్‌హెడ్ మీద ప్రిన్సిపాల్ సంతకంతో ఉత్తరం ఇప్పించాను. ఇది మొదటి రోజే ఇవ్వాల్సింది, ఆడపిల్లయితే ఒంటరిగా పంపేదాన్నే కాదు, మగపిల్లాడు కదా అని ఊరుకున్నాను.

ఆ చెట్లలో కొన్ని కల్లు గీసేవి. ఒకచోట గీసే గౌడన్నతో పరిచయమైంది. లొట్టి దించుతూ మావాడి పని చూసి ఏందని అడిగాడట. గూళ్ళు ఏ దిక్కున ఉన్నాయో రాసుకుంటున్నానంటే నవ్వి, "అది పిట్ట ఇష్టం కాదు, నా ఇష్టం" అన్నాడట. ఈతచెట్టుని ఒక ఏడు ఒక పక్క గీస్తే, తర్వాతి ఏడు రెండో పక్క గీస్తారు. అందుకే గీసిన ఈత మొద్దు మెలికలు తిరిగినట్టు ఉంటుంది. గీసే పక్కన మట్టలు నరికేస్తారు. "ఈ దిక్కు గీసిన, మట్టలు కొట్టేసిన. మట్ట లేకుంటె పిట్ట గూడు దేనికి కడ్తది బిడ్డా?"

ఇది మేమిద్దరం కలలో కూడా అనుకోలేదు. నాకు ఇది ఏ పుస్తకంలోనూ తగల్లేదు. గీత చెట్లు మూడుంటే మూడూ లెక్కలోంచి తీసేశాం. మొదట తీసేయడానికి అతనికి మనసొప్పలేదు, ఎందుకంటే వాటిలో రెండు తూర్పు వైపు బాగా బలం ఇస్తున్నాయి. సరిగ్గా అందుకే తీసేయాలి అన్నాను. ఫలితం మనకి నచ్చినా నచ్చకపోయినా కారణం ముందు చెప్పి తీసేయాలి, ఫలితం చూశాక బేరం ఆడకూడదు. రిపోర్ట్‌లో గౌడన్న మాటని ఆయన మాటల్లోనే రాయించాను. పేరు రాయాలా అని అడగమంటే ఆయన వద్దన్నాడు.

మార్చిలో ఇంకో రెండు చెట్లు పోయాయి. సోమవారం వెళ్ళేసరికి చదునైన నేల, ఎర్ర జెండాలు, వెంచర్ బోర్డు. సున్నం పూసిన రాళ్ళు మాత్రం జేసీబీ పక్కకి నెట్టిన కుప్పలో కనిపించాయట. పద్నాలుగులో మిగిలినవి తొమ్మిది.

రాలిపోవడాన్ని కొలవబోయి

మూడో ప్రశ్నకి, అంటే ముందే రాలిపోయిన గూళ్ళ సంగతికి, వారం వారం ఫోటోలే దారి అనుకున్నాం. పడమటి గూళ్ళు తూర్పువాటికంటే త్వరగా రాలుతున్నాయా అన్నది చూస్తే, వెనక్కి లెక్కేసి కొంతైనా చెప్పొచ్చని. ఏడు వారాలు దాదాపు ఏమీ రాలలేదు. మార్చి ఆఖర్లో ఒక రాత్రి గాలిదుమారం వచ్చి, ఆ ఏడు వారాల్లో రాలినవాటికంటే ఎక్కువ గూళ్ళు ఒక్క రాత్రిలో రాల్చేసింది. అన్ని వైపులవీ రాలాయి. దానితో తెలిసిందేంటంటే ఎండాకాలపు గాలిని చూసి వానాకాలపు గాలి సంగతి చెప్పలేం. శీతాకాలంలో గాలి తూర్పు నుంచి, దుమారం ఎటు నుంచైనా, రుతుపవనాలు పడమటి నుంచి. మేం కొలిచింది నిజమే, మాకు కావలసినది మాత్రం కాదు. ఇది రిపోర్ట్‌లో ఉన్నదున్నట్టు రాశాడు.

అయితే వారం వారం వెళ్ళడం వల్ల అనుకోనిది ఒకటి దొరికింది. ఫిబ్రవరిలో ఫోన్ చేసి, మేడం గిజిగాడు ఇప్పుడే పిల్లల్ని పెట్టింది, పుస్తకాలన్నీ తప్పు అన్నాడు. గొంతులో ఆ సంబరం వింటే నవ్వొచ్చింది. ఫోటో పంపమన్నాను. పాత గూటి గొట్టంలోంచి తల బయటపెట్టిన పిట్ట, లేత గోధుమరంగు, ముక్కు లావుగా వెండి బూడిద రంగులో ఉంది, తోక మొనదేలి నల్లగా ఉంది. సిల్వర్‌బిల్, అంటే మునియాల జాతిది. గిజిగాడు వదిలేసిన గూళ్ళలో కాపురం పెట్టడం వాటికి అలవాటే. ఆ రోజు అల్మారా మీది రెండు గూళ్ళు గుర్తొచ్చాయి ఇద్దరికీ. వదిలేసిందని ఎలా తెలుసు అన్న నా ప్రశ్నకి జవాబు అతనే తెచ్చుకున్నాడు, నేను మళ్ళీ ఎత్తలేదు.

ఇంకోటి మిణుగురుల సంగతి. గిజిగాడు గూట్లో తడిమట్టి పెట్టి, దానికి మిణుగురు పురుగుల్ని అతికించి దీపం పెట్టుకుంటుందని మన పల్లెల్లో చెప్పుకుంటారు, అతను ఇంట్రడక్షన్‌లో అదే రాశాడు. నువ్వు చూశావా అన్నాను. దుమారం మర్నాడు రాలిన గూళ్ళన్నీ అక్కడే చూశాడు. మట్టి ముద్దలు నిజంగానే ఉన్నాయి, హెల్మెట్లలో బాగా కనిపించాయి. మిణుగురులు లేవు. మార్చిలో ఎండిన గూట్లో మిణుగురు లేనంత మాత్రాన ఆగస్టులో లేదని రాయలేం. "మట్టి చూశాను, మిణుగురు చూడలేదు" అని ఒకటే వాక్యం ఉంచాం.

చివరికి ఏం తేలింది

తొమ్మిది చెట్లలో ఆరింటికి తూర్పున ఎక్కువ, రెండింటికి తేడా లేదు, ఒకదానికి పడమట ఎక్కువ. ఆ ఒక్కటీ బావి పక్కది, దానికి నీళ్ళున్నది పడమటి వైపే. తేడా లేని రెంటినీ పక్కన పెడితే ఏడింటిలో ఆరు. నాణెం ఏడుసార్లు ఎగరేస్తే ఆరు గానీ ఏడు గానీ ఒకే వైపు పడే అవకాశం ఎనిమిదింట ఒకటి. అంత అరుదేం కాదు. ఫిబ్రవరిలో అన్నీ సున్నాలతో వెలిగిపోయిన పి విలువ చివరికి 0.125 దగ్గర ఆగింది. ఇక హెల్మెట్లకీ పూర్తి గూళ్ళకీ పోలిక అన్నది, అతనికి బాగా ఇష్టమైన ప్రశ్న, దానికి పడమటి వైపు గూళ్ళే సరిపోలేదు.

ఎలా రాయాలి అన్నదానిమీద మూడు రోజులు కూర్చున్నాం. "తూర్పు వైపు మొగ్గు ఉన్నట్టుంది, నీళ్ళని బట్టి కూడా కావచ్చు, తొమ్మిది చెట్లతో తేల్చలేం" అని రాయడానికి అతనికి కష్టమైంది. ఇంత తిరిగి ఇదా రాసేది అంటాడు. గీత చెట్లు కలిపి ఉంటే, నీళ్ళ ప్రశ్న నేను అడగకుండా ఉంటే, బ్రహ్మాండమైన ఫలితం ఉండేది కదా అని కూడా అన్నాడు. ఉండేది, నిజమే.

వైవాలో ఎక్స్‌టర్నల్ మొదటి ప్రశ్న: ఇంత చిన్న శాంపిల్ ఏంటయ్యా, తొమ్మిదేనా? గూళ్ళు చాలా ఉన్నాయి సార్, కానీ లెక్క చెట్లది అని మొదలుపెట్టి ఒకే ఇంట్లో పదిమంది ఉదాహరణ చెప్పాడు. ఆయన కొంచెంసేపు విని, పేజీలు తిప్పి, కన్‌క్లూజన్ లేదే అన్నాడు. వచ్చిన మార్కులు పర్వాలేదు అనేలా ఉన్నాయి. గూగుల్ ఫారం చేసిన ఇద్దరికి అంతకంటే ఎక్కువే వచ్చాయి. దీనిమీద నాకున్న అభిప్రాయం ఇక్కడ రాయను.

నేను మార్చుకున్నవి, ఇంకా తేలనిది

ఆ తర్వాతి ఏడాది నుంచి టాపిక్ జూన్‌లోనే, అంటే ఐదో సెమిస్టర్ మొదట్లోనే మాట్లాడుతున్నాను. కాగితాల మీద మొదలయ్యేది జనవరిలోనే అయినా, వానాకాలంలో చూడాల్సింది అప్పుడే చూసి నోట్‌బుక్‌లో పెట్టుకోమంటాను. జనవరిలోనే వచ్చేవాళ్ళని, ఆ నాలుగు నెలల్లో కళ్ళకి కనిపించేది ఏంటో ఒక పేజీ రాసుకొచ్చాకే టాపిక్ అడగమంటాను. సంతకం ఆ పేజీ చదివాకే. కాలేజీ ఉత్తరం మొదటి వారమే చేతిలో పెడుతున్నాను. గీత చెట్టా కాదా అన్నది ఇప్పుడు మా డేటా షీట్‌లో మొదటి గడి.

తేలనిది ఒకటుంది. మూడు చెట్లూ ఒకే గట్టున ఉన్నాయని అతను మొదటి వారం ఫోటోలు చూపించినప్పుడే నాకు కనిపించింది. నీళ్ళ చిక్కు అప్పుడే చెప్పి ఉండొచ్చు. ఇండిపెండెంట్ ప్రాజెక్ట్ కదా, తనంతట తనే పట్టుకోనీ అని ఊరుకున్నాను. రెండు వారాలు చూసి, పట్టుకోలేదని తేలాక అడిగాను. ఆ రెండు వారాలు ముందే కొత్త చెట్లకి వెళ్ళి ఉంటే వెంచర్ పడకముందు ఆ రెండు చెట్లమీద కూడా సరిపడా డేటా ఉండేది, లెక్క పదకొండు చెట్లతో ముగిసేది. అడిగితే అతను, మీరు చెప్తే చేసేవాణ్ణి మేడం, కానీ గుర్తుండేది కాదు అన్నాడు. గైడ్ ముందు స్టూడెంట్ ఇంకేమంటాడు. ఈ ఏడాది ఒకమ్మాయి బండరాళ్ళ మీద రాతితొండల్ని చూస్తోంది, అన్ని రాళ్ళూ రోడ్డు పక్కనే ఎంచుకుంది, వారం అయింది, నేనింకా ఏమీ అనలేదు.